సున్నిపిండి, వావిలాకు నీళ్లు: జనవరి నుంచి భోగి దాకా నా అనుభవం

పోయిన ఏడాది జనవరిలో నా పిక్కల మీద చర్మం చేప పొలుసుల్లా లేచింది. నిద్రలో తెలియకుండా గోక్కునేదాన్ని. పొద్దున లేచేసరికి దుప్పటి మీద చిన్న చిన్న నెత్తుటి చుక్కలు కనిపించేవి. మేముండేది కూకట్‌పల్లి వైపు అపార్ట్‌మెంట్‌లో. వాడేది బోరు నీళ్లు. గీజర్ కాయిల్ విప్పి చూస్తే తెల్లగా సున్నం పేరుకుని ఉంటుంది. నాది సాయంత్రం షిఫ్టు ఉద్యోగం, అమెరికా ఆసుపత్రుల బిల్లింగ్ పని. రాత్రి రెండున్నరకు క్యాబ్ దిగి ఇంట్లోకి రాగానే పొగలు కక్కే నీళ్లు రెండు బకెట్లు కుమ్మరించుకుంటే గానీ టెన్షన్ దిగేది కాదు, నిద్ర పట్టేది కాదు. ఒళ్లంతా సబ్బు పెట్టి, స్క్రబ్బరుతో గట్టిగా రుద్దుకునేదాన్ని. రోజు మొత్తంలో నాకంటూ మిగిలిన అరగంట అదే. నా చర్మాన్ని పాడు చేస్తున్నదీ ఆ అరగంటేనని చర్మవ్యాధుల డాక్టరమ్మ చెప్పేదాకా నాకు తట్టలేదు.

ఆవిడ పొడి చర్మం ముదిరి ఎగ్జిమాగా మారిందన్నారు. రెండు వారాలకు పూతమందు రాశారు. వేడి నీళ్లు మానేసి గోరువెచ్చటి నీళ్లతో పది నిమిషాల్లో స్నానం ముగించమన్నారు. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు, చేతులకూ కాళ్లకూ రోజూ అక్కర్లేదన్నారు. మామూలుగా చర్మం పీహెచ్ 5.5 దగ్గర్లో ఉంటుందట. సబ్బుది 9, 10 దాకా ఉంటుంది కాబట్టి చర్మం మీది సహజమైన జిడ్డును ఊడ్చేస్తుందని అర్థమయ్యేలా చెప్పారు. తుడుచుకున్న మూడు నిమిషాల లోపు, ఒంటి మీద తడి ఇంకా ఉండగానే క్రీమ్ రాసుకోవాలన్నారు.

పూతమందుతో పుళ్లు మానాయి. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే సున్నిపిండితో నా ఎగ్జిమా పోయిందని ఎవరూ అనుకోకూడదు. మానిన చర్మాన్ని మళ్లీ చెడగొట్టుకోకుండా ఉండటానికి, రాత్రి షిఫ్టు అలసట తీరడానికి నాకు వేరే స్నానం కావాల్సి వచ్చింది. అమ్మకు ఫోన్ చేశాను.

"సబ్బొద్దంటే సున్నిపిండి ఉందిగా అమ్మడూ, దానికింత ఆలోచన ఎందుకు?" అంది అమ్మ.

మాది దుగ్గిరాల దగ్గర పల్లె. దుగ్గిరాలలో పసుపు మార్కెట్ యార్డు ఉంది. పంట తీసే రోజుల్లో పసుపు ఉడకబెట్టే వాసన పొలాల మీదుగా ఇళ్లలోకి వచ్చేది. చిన్నప్పుడు ఆదివారం వస్తే మా అమ్మమ్మ నన్నూ చెల్లినీ పెరట్లో పీటల మీద కూర్చోబెట్టి, నువ్వుల నూనె పట్టించి, సున్నిపిండితో నలుగు పెట్టేది. అప్పుడు అది శిక్షలా ఉండేది. కళ్లల్లో పడుతుందని ఏడ్చేవాళ్లం. అమ్మ ఇప్పుడు ఫోన్‌లో పెసలు, కచ్చూరాలు, వట్టివేళ్లు అని ఒక్కొక్కటీ చెబుతుంటే రాసుకుంటూ ఉన్నాను కానీ, నా మనసు ఆ పెరట్లోనే ఉంది.

అమ్మ చెప్పిన లెక్క ఇది: పెసలు కిలో, పచ్చిశనగపప్పు అర కిలో, బియ్యం పావుకిలో, కచ్చూరాలు 100 గ్రాములు, వట్టివేళ్లు, తుంగముస్తలు, ఎండు గులాబీ రేకులు తలా 50 గ్రాములు, పసుపు కొమ్ములు నాలుగు, బావంచాలు (ఒక రకం మూలిక గింజలు) 50 గ్రాములు, ఎండబెట్టిన బత్తాయి తొక్కలు రెండు గుప్పెళ్లు, నీడలో ఆరిన వేపాకు ఒక గుప్పెడు. పప్పులు ఇంట్లోవే. మిగతావాటికి బేగంబజార్ వెళ్లాను. అక్కడి మూలికల కొట్లో అన్నీ గోనె సంచుల్లో వరసగా ఉన్నాయి. కచ్చూరాలు అడిగి చేతిలోకి తీసుకుని వాసన చూశాను. అల్లం, కర్పూరం కలిసినట్టుండే ఆ వాసన అమ్మమ్మ చేతులదే. కొట్టు ముందు ఒక్క నిమిషం అలాగే నిలబడిపోయాను.

రెండు రోజులు మేడ మీద అన్నీ ఎండబెట్టాను. తేమ మిగిలితే మరలో ముద్దవుతుంది, డబ్బాలో పోస్తే బూజు పడుతుంది. కచ్చూరాలు రాయిలా ఉంటాయి, వాటినీ పసుపు కొమ్ముల్నీ రోట్లో చితక్కొట్టాలి. వట్టివేళ్లను కత్తెరతో అంగుళం ముక్కలుగా కత్తిరించాలి, లేకపోతే పీచు మరకు చుట్టుకుంటుంది. ఇవి ఎవరూ రాసిపెట్టరు. అమ్మ కూడా మొదట చెప్పలేదు, నేను వీడియో కాల్‌లో చూపిస్తే "అయ్యో, అలాగే పట్టుకెళ్తావా?" అని ఆపింది.

మర సంగతి మాత్రం వందసార్లు చెప్పింది. కారం పట్టిన మరలో ఎట్టి పరిస్థితుల్లోనూ పట్టించొద్దని. మా వైపు మర అంటాం, ఇక్కడ గిర్నీ అంటారు. మా వీధి చివర గిర్నీకి సాయంత్రం వెళ్లి అడిగితే ఆయన చేతులు దులుపుకుంటూ నిజం చెప్పాడు. "పొద్దుగాల మిర్చి పట్టిన అక్కా. రేపు పొద్దుగాల ఫస్టే రా, గిర్నీ కడిగి నీదే పట్టిస్త." మర్నాడు ఏడింటికే వెళ్లాను. ముందు రెండు గుప్పెళ్ల బియ్యం పట్టించి, ఆ పిండి పారబోయించాను. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఘాటు లేదనుకున్నాకే నా సంచి ఇచ్చాను. గొట్టం లోంచి వెచ్చగా, పచ్చగా పిండి దిగుతుంటే ఆ గదంతా గులాబీ, వట్టివేళ్ల వాసన కమ్ముకుంది. జొన్నలు పట్టించుకోవడానికి వచ్చిన ఒకావిడ "పుట్టిన పిల్ల ఉందా మీ ఇంట్ల?" అని అడిగింది. నాకేనని చెప్తే నవ్వి, చేయి పట్టి కొంచెం ఇమ్మంది. కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాను.

ఇంటికొచ్చి పళ్లెంలో ఆరబోసి, వేడి తగ్గాక జల్లించాను. మామూలు జల్లెడతో ఆగిపోతే రవ్వ మిగిలిపోతుంది. పొడి చర్మానికి ఆ రవ్వే ఇసుక కాగితం. పాత పల్చటి వాయిల్ చీర ముక్క గిన్నె మూతికి కట్టి, దాని మీద పిండి వేసి చేత్తో నిమిరితే మెత్తటి పొడి మాత్రమే కిందికి దిగుతుంది. దీన్నే వస్త్రగాళితం అంటారు. రెండు కిలోలు పట్టడానికి నాకు ఒక పూట పట్టింది. చేతులు నొప్పెట్టాయి. కానీ ఆ పొడి వేళ్ల మధ్య నలిపితే పట్టులా ఉంది.

ఇక నా తప్పు. అమ్మ బావంచాలు 50 గ్రాములు చెప్పింది. చర్మానికి బావంచాలు చాలా మంచివని ఎవరో అనగా విని, మంచిదైతే ఎక్కువ వేస్తే ఇంకా మంచిదనుకుని 200 గ్రాములు వేశాను. మార్చి మొదటి ఆదివారం పొడిని పాలతో చిక్కగా కలిపి, చేతులకీ మెడకీ కాళ్లకీ పట్టించి, 20 నిమిషాలు ఉంచుకున్నాను. స్నానం చేసి, జుట్టు ఆరబెట్టుకోవడానికి మేడెక్కి గంట సేపు ఎండలో కూర్చున్నాను. ఆ రోజు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మర్నాడు సాయంత్రానికి మెడ, ముంజేతులు ఎర్రగా కంది మండటం మొదలైంది. ఆ మర్నాటికి రెండు చోట్ల చిన్న నీటి పొక్కులు లేచాయి.

డాక్టరమ్మ దగ్గరికి పొడి డబ్బా కూడా పట్టుకెళ్లాను. ఏమేం వేశావని ఒక్కొక్కటీ అడిగి, బావంచాల దగ్గర ఆగారు. వాటిలో సొరాలెన్ అనే పదార్థం ఉంటుందట. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే ఒళ్లు కాలినట్టవుతుంది, వెంటనే కాదు, ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది. బొల్లి వైద్యంలో ఈ గుణాన్నే వాడుకుని, కొలిచిన మందుకు కొలిచిన అతినీలలోహిత కాంతి చూపిస్తారట. "అంత జాగ్రత్తగా కొలిచి చేసే పనిని మీరు మేడ మీద చేశారు" అన్నారు. నిమ్మజాతి తొక్కల్లో కూడా ఈ రకం పదార్థాలు కొంత ఉంటాయన్నారు. మంట వారంలో తగ్గింది కానీ ముంజేతుల మీద గోధుమ రంగు మచ్చలు జూన్ దాకా పోలేదు. ఆ మచ్చలతో ఆఫీసుకు వెళ్లినన్నాళ్లూ పొడుగు చేతుల జాకెట్లే వేసుకున్నాను.

ఒక పూటంతా వస్త్రగాళితం పట్టిన పొడిని చెత్తబుట్టలో పోయడానికి ప్రాణం ఒప్పలేదు. అయినా పోసేశాను. అమ్మ మాత్రం నమ్మలేదు. "అమ్మమ్మ వేసేది కదే, మీకేమీ కాలేదే" అంది. అమ్మమ్మ అన్నిటిలో బావంచాలు ఎంత కొద్దిగా వేసేదో, పట్టించిన ఐదు నిమిషాల్లో ఎలా కడిగేసేదో గుర్తు చేస్తే అప్పుడు ఊరుకుంది.

రెండోసారి మొదలుపెట్టినప్పుడు తీసేయగలిగినవన్నీ తీసేశాను. బావంచాలు లేవు, తొక్కలు లేవు. పసుపు తక్కువ, వేపాకు లేదు, అది నా చర్మాన్ని మరీ ఎండగడుతోంది. శనగపప్పు కూడా మానేశాను. మిగిలింది కిలో పెసలు, 100 గ్రాముల బియ్యం, 50 గ్రాముల కచ్చూరాలు, ఒక గుప్పెడు గులాబీ రేకులు, ఒకే ఒక్క పసుపు కొమ్ము. ఈసారి ముందు మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత మేర పట్టించి, కడిగేసి, రెండు రోజులు ఆగి చూశాను. ఏమీ కాలేదన్నాకే ఒంటికి వాడాను. కొత్తది ఏది కలిపినా ఇప్పటికీ అలాగే చేస్తాను.

ఆదివారం స్నానం ఇప్పుడు ఇలా సాగుతుంది. రెండు మూడు చెంచాల గానుగ నువ్వుల నూనె చిన్న గిన్నెలో పోసి, వేడి నీళ్ల గిన్నెలో పెట్టి వెచ్చబరుస్తాను. పాదాల నుంచి మొదలుపెట్టి పైకి రాస్తాను. పిక్కల దగ్గర ఆగి నెమ్మదిగా మర్దన చేస్తాను. పావుగంట పీట మీద కూర్చుంటాను, ఫోన్ బయటే ఉంటుంది. బాత్‌రూమ్ నేల నూనెతో జారుతుంది కాబట్టి ముందే రబ్బరు మ్యాట్ పరుస్తాను, ఈ పని మరవకూడదు. మూడు చెంచాల సున్నిపిండిలో కాస్త మీగడ, నీళ్లు కలిపి పలచటి ముద్ద చేస్తాను. పొడిపొడిగా ఎప్పుడూ రుద్దను. అమ్మమ్మ నలుగు రాలేదాకా రుద్దేది, నేను అరచేత్తో పైపైన నిమిరి, ఆరకముందే కడిగేస్తాను. నూనె మొత్తం పోదు, పల్చగా ఒక పొర మిగులుతుంది. నాకు కావలసింది ఆ పొరే. నీళ్ల వేడి చూసుకోవడానికి మోచేయి ముంచుతాను, పసిపిల్లలకు పోసేటప్పుడు చూసుకుంటామే, అలా. తరువాత పాత నూలు తువ్వాలుతో అద్దుకుని, తడి ఆరకముందే క్రీమ్.

ఇంకో మాట, సున్నిపిండి నేరుగా కాలవలోకి పోతే పైపులో గడ్డ కడుతుంది. కింది ఫ్లాట్ వాళ్లతో మాట పడ్డాక జాలీ మీద సన్నటి వల వేశాను.

తలకు కుంకుడుకాయే. ఆరు కాయలు గింజ తీసి చితక్కొట్టి, రాత్రంతా నానబెట్టి, పొద్దున పిసికి వడకడతాను. చివర్లో నాలుగు మందారాకులు నలిపి ఆ జిగురు కలిపితే జుట్టు చిక్కు పడదు. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి నాకేమీ లేదు, చిన్నప్పటి నుంచీ అంతే.

నేను ఎక్కువ చెప్పాలనుకున్నది వావిలాకు గురించి. 2012లో మా అబ్బాయి పుట్టినప్పుడు పురిటికి దుగ్గిరాల వెళ్లాను. మా పెరటి స్నానాల గదిలో పొయ్యి మీద రాగి కాగు ఉండేది. అమ్మ కాలవ గట్టున వావిలి కొమ్మలు విరుచుకొచ్చి, ఆకు దూసి అందులో వేసి మరిగించేది. నీళ్లు లేత పచ్చగా మారేవి. మిరియం, కర్పూరం కలిసినట్టు ఘాటు వాసన గది నిండా. నన్ను గోడ వైపు తిరిగి కూర్చోమని, చెంబుతో నడుము మీద ధారగా పోసేది. ఎత్తు నుంచి ఒకే చోట, ఆగకుండా. పిల్లాడు ఏడుస్తుంటే "వాళ్ల నాన్న చూసుకుంటాడులే, కదలకు" అనేది. నడుములో బిగుసుకుపోయినదేదో నీళ్లతో పాటు దిగిపోతున్నట్టుండేది. అప్పుడు నాకు తల్లినయ్యాననే కంగారు తప్ప ఇంకేమీ లేదు. ఆ పది నిమిషాలు మాత్రం నేను ఎవరికో బిడ్డని.

షిఫ్టు నుంచి వచ్చిన రాత్రుల్లో నాకు కావాల్సింది అదేనని ఆలస్యంగా గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో వావిలాకు ఎక్కడ దొరుకుతుందో తెలియలేదు. వినాయక చవితి ముందు రోజు బజారులో పత్రి అమ్మే ఆవిడ దగ్గర కట్టల్లో చూశాను. పూజలోని ఇరవై ఒక్క పత్రుల్లో సింధువార పత్రం అంటే వావిలాకే. ఐదేసి ఆకులు చేతివేళ్లలా విచ్చుకుని, కింది వైపు బూడిద రంగులో ఉంటాయి. నలిపితే వాసన పట్టిస్తుంది. అడిగి ముదురు కొమ్మలు నాలుగు తీసుకున్నాను. బాల్కనీలో కుండీలో గుచ్చితే రెండు చిగురేశాయి. వావిలి మొండి మొక్క, తేలిగ్గా చావదు.

ఇప్పుడు వారానికి రెండు రాత్రులు దోసెడు ఆకు మూడు లీటర్ల నీళ్లలో పది నిమిషాలు మరిగించి, మూత పెట్టి దించుతాను. మా ఆయన నేను క్యాబ్‌లో ఉండగానే ఈ పని చేసి పెడతారు. వడకట్టి, చన్నీళ్లు కలిపి గోరువెచ్చగా చేసి, ప్లాస్టిక్ టబ్బులో పోసి పాదాలు పెట్టి పావుగంట కూర్చుంటాను. మిగిలినవి వీపు మీద చెంబుతో పోయమంటాను. అమ్మంత ధారగా ఆయనకు రాదు, కానీ నేర్చుకుంటున్నారు. చర్మం పగిలి ఉన్న రోజున ఈ నీళ్లు వాడను, మంట పుడుతుంది. మిగిలిన కషాయం మర్నాటికి దాచను, పులిసిపోతుంది. నిద్ర విషయం నాకు తేడా స్పష్టంగా తెలుస్తోంది. ఆకు గుణమో, ఆ పావుగంట కుదురుగా కూర్చోవడమో విడదీసి చెప్పలేను, రెండూ నాకు కావాలి.

చర్మం మరీ దురద పెట్టిన రోజులకు మాత్రం చెల్లి చెప్పిన ఓట్స్ మూటే. తను న్యూజెర్సీలో ఉంటుంది. వాళ్ల బాబుకు పుట్టినప్పటి నుంచీ ఎగ్జిమా. అక్కడ పిల్లల డాక్టరు ఓట్స్ నీళ్ల స్నానం చేయించమన్నారట. మెత్తటి ఓట్స్ పొడిని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2003లోనే చర్మాన్ని కాపాడే పదార్థాల్లో చేర్చిందని తనే చెప్పింది. ఏమీ కలపని ఓట్స్ మిక్సీలో మెత్తగా పట్టాలి. ఒక చెంచా గ్లాసు నీళ్లలో వేస్తే నీళ్లు పాలలా మారి, పొడి వెంటనే అడుగుకు దిగకుండా ఉండాలి. దిగితే ఇంకా పట్టాలి. వాళ్లకు పడుకుని స్నానం చేసే టబ్బు ఉంది, నాకు బకెట్టే కాబట్టి, మూడు చెంచాలు మల్లు గుడ్డలో మూట కట్టి గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి పిండుతాను. ఆ మూటతోనే పిక్కల మీద అద్దుకుంటాను. గంజిలా జారుతుంది, దురద నెమ్మదిస్తుంది.

ఈ ఏడాది భోగికి అమ్మ హైదరాబాద్ వచ్చింది. తలంటుకు అన్నీ సర్దుతుంటే సున్నిపిండి డబ్బా మూత తీసి వాసన చూసింది. "బావంచాలు లేవు కదూ" అంది. లేవన్నాను. ఏమీ అనలేదు. నూనె రాయమని కాళ్లు చాపితే చూశాను, అమ్మ పిక్కల మీద కూడా అవే పొలుసులు. ఎన్నాళ్ల నుంచని అడిగితే, చలికాలం అందరికీ ఉండేదేగా అంది. బాల్కనీలో వావిలాకు కోసుకొచ్చి నీళ్లు కాచాను. అమ్మను గోడ వైపు తిరిగి కూర్చోమని, నడుము మీద చెంబుతో పోశాను. అమ్మ కళ్లు మూసుకుని కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇంకొంచెం పైనుంచి పొయ్యి" అంది.

ఊరెళ్లేటప్పుడు సున్నిపిండి సీసా, రెండు ఓట్స్ మూటలు సంచిలో తనే పెట్టుకుంది. డాక్టరుకు కూడా చూపించుకోమన్నాను. వచ్చే నెల తెనాలి వెళ్తానని మాటిచ్చింది.